ఆదివారపు బండి టకటక

రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా చేసినవాడికి ఇంజన్ సంగతి తెలియకుండా ఎలా ఉంటుందన్నది ఐజాక్ వాదన. రైల్వేలో చేసిన మాట నిజమే, కాదనడానికి లేదు. కాకపోతే ఆయన చేసింది గూడ్స్ గార్డు ఉద్యోగం. ఇంజన్ రైలుకు ముందుంటే ఆయన చిట్టచివరి పెట్టెలో ఉండేవాడు. పచ్చజెండా ఊపడం, నిద్ర ఆపుకోవడానికి ఫ్లాస్కులో టీ తాగడం, బిలాస్‌పూర్ దాకా వెనక్కి పరిగెత్తే పట్టాలను చూస్తూ కూర్చోవడం, అదీ పని. సర్వీసు మొత్తంలో ఇంజన్ ఆయనకు దూరాన వినిపించిన కూత మాత్రమే.

ఆ మాటే భార్య గ్లోరీ అంటే, ఐజాక్ తన కుడి చెవి పట్టుకుని చూపించేవాడు.

"ఇదిగో, ఈ చెవి చూశావా? యాభై వ్యాగన్ల అవతల ఏ చక్రం అరిగిందో కూర్చున్న చోటి నుంచి చెప్పిన చెవి ఇది."

"చెవి బాగానే ఉందండీ. గొడవంతా చేతులతోనే," అనేది గ్లోరీ.

ఆ చేతులకు విప్పడం బాగా వచ్చు. మిక్సీ, టేబుల్ ఫ్యాను, కుట్టుమిషను, గోడగడియారం, గ్లోరీకి పెళ్ళిలో ఇచ్చిన రేడియో, అన్నీ ఆ చేతుల్లో పువ్వుల్లా విచ్చుకున్నాయి. బిగించేటప్పుడే ప్రతిసారీ ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోయేవి. గ్లోరీ వాటిని పారెయ్యలేదు. ఒక పాత ఆవకాయ జాడీలో దాచి, ఇంటికి చుట్టాలొస్తే కిందికి దించి, "మా ఆయన సంపాదన" అని గలగలలాడించి వినిపించేది. చుట్టాలు నవ్వేవారు. ఐజాక్ కూడా నవ్వేవాడు గానీ ఆ జాడీ అంటే ఆయనకు లోలోపల ఒళ్ళు మంట.

రిటైరయ్యాక ఆయన ఒక పాత కారు కొన్నాడు. మీగడ రంగు బండి. వీధిలో వాళ్ళందరూ షోకు కోసం కొన్నాడనుకున్నారు. నిజానికి కొన్నది అత్తగారి కోసం.

అత్తగారు మరియమ్మ సామర్లకోట నుంచి పెళ్ళయి ఈ హిందీ మాట్లాడే ఊరికి వచ్చిన మనిషి. భర్త పట్టాలు సరిచేసే రైల్వే గ్యాంగులో పనిచేస్తే, ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి కూతురిని నర్సును చేసింది. ఇప్పుడు మోకాళ్ళు రెండూ వంగవు. వారమంతా ఖమ్‌తరాయి పేటలోని ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీదే గడిచిపోతుంది. ఆవిడ గేటు దాటేది ఒక్క ఆదివారమే, స్టేషన్ అవతల ఉన్న తెలుగు చర్చికి. ఒకసారి ఆటోలో తీసుకెళ్ళబోతే కాలు పైకి రాక రోడ్డు పక్కన కూలబడిపోయింది. ఎవరో ఇద్దరు మగవాళ్ళు ఎత్తి కూర్చోబెట్టారు. ఆ సిగ్గుకి ఆరాధనంతా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తరవాత చర్చికి రానంటే రానని భీష్మించుకుంది.

అప్పుడు కొన్నాడు ఐజాక్ ఈ కారు. దాని ముందు సీటు కిందికి ఉంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆవిడ ముందు కూర్చుని, తరవాత కాళ్ళు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంటే చాలు. "నేనున్నన్నాళ్ళూ మీ ఆదివారం తప్పదు అత్తయ్యా," అని మాటిచ్చాడు. ఆవిడ బదులుగా ఆయన నెత్తిన ప్రార్థన నూనె రాయబోయింది. ఐజాక్ ఎప్పటిలాగే తప్పించుకున్నాడు.

ఆ నూనె గురించి చెప్పాలి. శుక్రవారం ఉపవాస కూటానికి ఎవరి కొబ్బరినూనె సీసా వాళ్ళు పంపిస్తే పాస్టరు గారు ప్రార్థన చేసి ఇస్తారు. మరియమ్మ దగ్గర వెడల్పు మూతి సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మోకాళ్ళకు అదే, గ్లోరీ తలనొప్పికి అదే, పరీక్షకు వెళ్ళే పక్కింటి పిల్ల పెన్నుకూ అదే. ఒకసారి కీచుమనే గేటు బందుకు రాస్తే గేటు నోరు మూసుకుంది. మూసుకోక ఏం చేస్తుంది, నూనె కదా! కానీ ఆ రోజు నుంచీ ఆవిడ నమ్మకానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఐజాక్ మాత్రం, జిడ్డంటే పడదని, పెళ్ళయిన నాటి నుంచీ తల అందనివ్వలేదు.

ఇలా సాఫీగా సాగుతున్న సంసారంలో, డిసెంబరు చలి మొదలవుతూనే బండి మొదలెట్టింది. టక్, టక్, టక్, టక్.

పొద్దున స్టార్ట్ చేస్తే చాలు, బానెట్ కింద ఎవరో గరిటెతో మూకుడు మీద కొడుతున్నట్టు చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడూ పరుగందుకునేది. వీధి చివరి కుక్కలు లేచి నిలబడేవి. మధ్యాహ్నం ఎండెక్కాక చూస్తే బండి చుప్‌చాప్, ఏమీ ఎరగనట్టు. మర్నాడు పొద్దున మళ్ళీ టకటక. ఆదివారం పొద్దున అయితే మరీ ఎక్కువ.

"ఆదివారమే ఎందుకెక్కువ చేస్తాది? మీ బండికి పాస్టరు గారంటే బయ్యమేమో సూడు," అన్నాడు దానయ్య.

దానయ్య పక్కింటాయన, శ్రీకాకుళం వైపు మనిషి, రిటైరైన టికెట్ కలెక్టరు. ఇంజన్ గురించి ఐజాక్‌కి తెలిసినంత కూడా తెలియదు, కాబట్టి సలహాలకు కొదవ లేదు. మొదట పెట్రోలు మార్చమన్నాడు. తరవాత హారను వైరు చూడమన్నాడు. చివరికి బండిని ఇంకో వైపు తిప్పి నిలబెట్టి చూడమన్నాడు. ఐజాక్ అవన్నీ చేశాడు. పండ్రి బజారు దగ్గర మెకానిక్కు చూపిస్తే అతను బానెట్ కూడా ఎత్తకుండా, "ఇంజన్ ఖోల్‌నా పడేగా," అన్నాడు. మొత్తం విప్పాలట. తనకు ఎంతో ఇష్టమైన ఆ మాట ఇంకొకడి నోట వినేసరికి ఐజాక్‌కి రోషం వచ్చి బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ ఆదివారం చర్చిలో పరువు కాస్తా పోయింది. అందరూ కళ్ళు మూసుకుని మౌన ప్రార్థనలో ఉండగా, ఆలస్యంగా వచ్చిన ఐజాక్ బండి కిటికీ పక్కన ఆగింది. టక్, టక్, టక్, టక్. పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే, "ఎవరో తలుపు తడుతున్నారు, తియ్యండమ్మా," అన్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ వెనక పెద్దలు. ఆఖరికి పాస్టరు గారు కూడా.

గ్లోరీ ఒక్కతే నవ్వలేదు. శంకర్ నగర్‌లో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు ఆవిడ. పదిమందిలో నవ్వుల పాలవడం అలవాటు లేదు. ఇంటికి రాగానే ఒక్కటే మాట.

"బస్, ఇంక చాలండీ. అభన్‌పూర్‌లో సాహు అని ఒకతను పాత బళ్ళు కొంటాడట. శనివారం రమ్మంటాను. ఎలా ఉంటే అలా పట్టుకుపోతాడు."

"మరి అత్తయ్య?"

"ఆటో మాట్లాడదాం. మెల్లిగా ఎక్కించుకుందాం."

వరండాలో కుర్చీ కిర్రుమంది. మరియమ్మ అటు తిరిగి జామచెట్టు కేసి చూస్తూ కూర్చుంది. ఐజాక్ ఆ వీపు కేసి చూశాడు. మాటిచ్చింది తను. ఆ మాట ఇప్పుడు టకటకమని పోతోంది. శనివారం లోపల ఈ చప్పుడు ఆపకపోతే ఆవిడకు మిగిలేది ఆ కుర్చీ, ఆ జామచెట్టే.

"శుక్రవారానికి బాగుచేస్తాను," అన్నాడు ఐజాక్.

గ్లోరీ అలమరా పైనున్న జాడీ కేసి చూసింది.

ఆ వారమంతా ఐజాక్ ఫోన్లో వీడియోలు చూశాడు. అన్నం తింటూ చూశాడు, పళ్ళు తోముతూ చూశాడు. కేరళ అతను చెప్పింది భాష రాకపోయినా చూశాడు, రష్యా అతను చెప్పింది అస్సలు అర్థం కాకపోయినా తల ఊపుతూ చూశాడు. బుధవారానికి దొంగ దొరికాడు. దాని పేరు లిఫ్టరు.

"మంచం కోడు పొట్టిదైతే కింద కాగితం మడిచి పెడతామా లేదా?" అని దానయ్యకు పాఠం మొదలెట్టాడు. "ఆ మడతే ఈ లిఫ్టరు. వాల్వుకీ దాన్ని నొక్కే ముక్కకీ మధ్య సందు లేకుండా చూస్తుంది. ఇంజనాయిల్ తాగి గట్టిపడుతుంది. దాని నోరు పూడుకుపోయిందనుకో, ఆయిల్ ఎక్కదు, సందు పడుతుంది, ఇంజన్ తిరిగినప్పుడల్లా టక్కుమని కొడుతుంది."

"మరి ఉన్నవాటిలో ఏది కొడతందో నీకెలా తెలుస్తది?"

ఐజాక్ గర్వంగా కుడి చెవి చూపించాడు. మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు జానెడు కోసి, ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస ఇంజన్ మీద అక్కడా ఇక్కడా ఆనించాడు. ఒకచోట సన్నగా, ఇంకోచోట మందంగా, మూడో సిలిండర్ దగ్గరికి రాగానే, ఆహా, తలుపు మీద పిడికిలితో కొట్టినట్టు! సరిగ్గా అప్పుడే దానయ్య కుతూహలం ఆపుకోలేక కింది కొస లాక్కుని, "ఏటి బాబూ, ఇనబడతందా?" అని అందులోకి కేకేశాడు. ఐజాక్ కుడి చెవి సాయంత్రం దాకా గుయ్యిమంటూనే ఉంది.

శుక్రవారం గ్లోరీ డ్యూటీకి వెళ్ళీ వెళ్ళగానే పని మొదలైంది. వరండా ముందు చాప పరిచాడు. క్రిస్మస్ కేకు కోసం గ్లోరీ తెప్పించిన గుడ్లను బియ్యం డబ్బాలోకి మార్చి, ఆ అట్ట ట్రే ఖాళీ చేశాడు. విప్పిన ప్రతి ముక్కా ఏ గుంటలోంచి వచ్చిందో ఆ గుంటకే పోవాలి, కాబట్టి ట్రే గుంటల మీద సున్నంతో అంకెలు వేశాడు. ఈసారి ఒక్క స్క్రూ మిగిలినా తన పేరు ఐజాక్ కాదని ప్రకటించాడు. మరియమ్మ వరండా కుర్చీలోంచి అంతా చూస్తోంది. దానయ్య మంకీ క్యాప్ పెట్టుకుని టీ గ్లాసుతో హాజరయ్యాడు.

ఇంజన్ నెత్తిన ఉన్న పెద్ద మూత బోల్టులు ఒక్కొక్కటిగా వచ్చాయి. మూత రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు.

లోపల తెల్లగా ఉంది.

నల్లటి ఆయిల్ ఉండాల్సిన చోట, వాల్వుల మీదా వాటి సందుల్లోనూ, పేరుకున్న నెయ్యిలా తెల్లటి ముద్దలు. ఐజాక్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. వీడియోలు అన్నీ ఒకే మాట చెప్పాయి. మూత కింద తెల్లగా ఉందంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయి. నీళ్ళు కలిశాయంటే లోపల పగిలింది. లోపల పగిలిందంటే ఇంజన్ ఖతమ్.

"ఏటయ్యింది బాబూ?"

"అయిపోయింది దానయ్యా. పోయింది."

దానయ్య మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ బండి ముందు అలాగే నిలబడ్డారు. ఐజాక్‌కి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు సాహు వస్తాడు, తాడు కట్టి లాక్కుపోతాడు. ఎల్లుండి ఆటో వస్తుంది. ఆ ఆటో పక్కన అత్తయ్య నిలబడడం, కాలెత్తబోవడం, అన్నీ కళ్ళకు కట్టాయి.

అంతలో జామచెట్టు మీదుగా ఎండ జారి ఇంజన్ మీద పడింది. తెల్లటి ముద్దలు అంచుల దగ్గర కరగడం మొదలెట్టాయి. దానయ్య ముక్కు ఎగబీల్చాడు.

"మీ ఇంట్లో కొబ్బరి సెట్నీ సేస్తన్నారేటి? వాసనొస్తంది."

ఐజాక్ కూడా పీల్చాడు. వేలితో కొంచెం ముద్ద తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోదావరి జిల్లాలో పుట్టి, మీసాలొచ్చేదాకా నెత్తిన కొబ్బరినూనె కారుతూ బడికి వెళ్ళినవాడు పొరబడడానికి లేదు. కొబ్బరినూనె! గానుగ కొబ్బరినూనె! చలికి గడ్డకట్టి లిఫ్టర్ల నోళ్ళు మూసేసింది. అందుకే పొద్దున టకటక, ఎండెక్కితే మాయం.

నెమ్మదిగా వరండా కేసి తలతిప్పాడు. మరియమ్మ ఒళ్ళో వెడల్పు మూతి సీసా ఉంది. కళ్ళు కళ్ళు కలిశాయి. ఆవిడ టక్కున జామచెట్టు కేసి తిరిగిపోయి, అందులో ఎన్నడూ చూడనిదేదో కనిపించినట్టు చూడసాగింది. పెదాలు మాత్రం గబగబా ప్రార్థన చేస్తున్నాయి.

ఐజాక్‌కి ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి ఆయిల్ చూసి, బండికి గాలి తగలనీ అని అలాగే వదిలేసి, తను స్నానానికి పోవడం. అందరికంటే ముందు తయారై అత్తయ్య ఆ పక్కనే కుర్చీలో కూర్చోవడం. చలికాలం మొదలయ్యాక ఆవిడ ఆ సీసాను వేణ్ణీళ్ళ బకెట్లో ముంచి కరిగించుకోవడం, మోకాళ్ళకేమోనని తను అనుకోవడం. బండి కొన్న కొత్తలో ఎవరూ వినకపోతే ఆవిడకే ఇంజన్ పాఠం చెబుతూ, మూత తిప్పి చూపించి, "ఇది దీని నోరు అత్తయ్యా," అన్నది కూడా తనే. పైగా ఈ రెండు నెలలూ, "నా బండి చుక్క ఆయిల్ తాగదు తెలుసా, కొలత చూస్తే పెరుగుతోంది!" అని వీధంతా గొప్పలు చెప్పుకున్నదీ తనే.

చప్పుడు పెరిగిన కొద్దీ నూనె పెరిగి ఉంటుంది. నూనె పెరిగిన కొద్దీ చప్పుడు పెరిగింది.

ముందు ఐజాక్ భుజాలు కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. చాప మీద కూలబడిపోయి, స్పానరు గుండెకు హత్తుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా పగలబడి నవ్వాడు. ఇంజన్ పగల్లేదు, నీళ్ళు కలవలేదు, ఏమీ పోలేదు! లేచి నిలబడబోయి మళ్ళీ నవ్వొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"పిచ్చెక్కిందేటి నీకు? కొబ్బరినూనె ఇందులోకి ఎలాగొచ్చింది?" దానయ్య క్యాప్ మళ్ళీ తగిలించుకుని అడిగాడు.

వరండాలో ప్రార్థన ఆగిపోయింది.

"ఎలా వస్తుంది? నేనే పోశాను," అన్నాడు ఐజాక్.

"నువ్వా!"

"నేనే. చీకట్లో డబ్బా మారిపోయింది."

దానయ్య కాసేపు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. తరవాత టీ గ్లాసు అక్కడే వదిలేసి, లుంగీ ఎగ్గట్టి వీధిలోకి పరిగెత్తాడు. అరగంటలో మనుషులు గేటు దగ్గరికి రావడం మొదలైంది. కారులో కొబ్బరినూనె పోసిన రైల్వే గార్డును చూడాలి కదా. "ఐజాక్ గారూ, జడ కూడా వేస్తారా దానికి?" అని ఒకరు. "పౌడరు మర్చిపోయారండీ," అని ఇంకొకరు. ఐజాక్ అందరికీ స్పానరు ఎత్తి నమస్కారం చేశాడు. ఏ ఎగతాళీ ఆయన్ని అంటడం లేదు. బతికిన ఇంజన్ ముందుంటే ఎగతాళి ఒక లెక్కా?

గుంపు పోయాక పని సాగింది. వాల్వులను నొక్కే కడ్డీలు విప్పి, లిఫ్టర్లు ఒక్కొక్కటే బయటికి తీశాడు. వేలి కణుపంత ముక్కలు. బొటనవేలితో నొక్కితే మంచివి రాయిలా కదల్లేదు. మూడో సిలిండర్ వైపువి రెండు మెత్తగా దిగిపోయాయి. చెవి చెప్పిందే నిజమైంది. "చూశావా, చూశావా!" అని దానయ్య లేకపోయినా దానయ్యతో అన్నాడు. స్టీలు గిన్నెలో కిరోసిన్ పోసి వాటిని ముంచాడు. సన్నటి సూదితో లోపలి బంతిని నొక్కి మళ్ళీ మళ్ళీ పిండితే, ముందు తెల్లటి జిడ్డు, తరవాత నల్లటి మడ్డి, ఆఖరున శుభ్రమైన కిరోసిన్ వచ్చింది. కొత్త ఇంజనాయిల్లో నానబెట్టి, బుడగలు పోయేదాకా పిసికాడు. బొటనవేలు కింద రెండూ రాళ్ళయ్యాయి. ఇంజన్లో పాత ఆయిల్ మొత్తం కిందికి వదిలేసి, ఫిల్టరు మార్చి, ముద్దలన్నీ గుడ్డతో తుడిచి, కొత్త ఆయిల్ నింపాడు. ట్రేలో ఏ గుంట ముక్క ఆ గుంట నుంచే తీసి బిగించాడు. చివరి బోల్టు తిరిగాక ట్రే ఎత్తి బోర్లించి దులిపాడు. ఏమీ రాలలేదు. చాప దులిపాడు. జేబులు వెతుక్కున్నాడు. ఒక్కటంటే ఒక్క స్క్రూ మిగల్లేదు! ఆయనకే నమ్మబుద్ధి కాక, చెప్పులు కూడా విదిలించి చూశాడు.

సాయంత్రం గ్లోరీ వచ్చేసరికి బండి ముందు దానయ్యా, ఆయన భార్య దాలమ్మా నిలబడి ఉన్నారు. ఐజాక్ తాళం తిప్పాడు. ముందు అన్ని లిఫ్టర్లూ ఒక్కసారిగా గోలపెట్టాయి. మూత కింద పెళ్ళివారి మేళం! గ్లోరీ నుదురు కొట్టుకుంది. ఐజాక్ మాత్రం చెయ్యెత్తి ఆగమన్నాడు. ఒకటి ఆయిల్ తాగి ఊరుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. ఆఖరుది కాసేపు మొండికేసి, అదీ ఊరుకుంది.

"సెప్పలేదేటి, ఆగిపోనాది," అని దానయ్య జాలిగా తల ఊపాడు.

"ఆగలేదయ్యా. నడుస్తోంది!"

దానయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "అరె!" అని వెనక్కి గెంతాడు. దాలమ్మ చప్పట్లు కొట్టింది. గ్లోరీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, పొగ గొట్టం దగ్గర వంగి విని, భర్త ముఖంలోకి అనుమానంగా చూసింది.

"ఎన్ని మిగిలాయి?"

"ఏమీ మిగల్లేదు."

"కొబ్బరినూనె నువ్వే పోశావట, వీధంతా చెబుతున్నారు." కోపమొచ్చినప్పుడూ మురిపెమొచ్చినప్పుడూ గ్లోరీ ఆయన్ని నువ్వంటుంది. ఇప్పుడు రెండిట్లో ఏదో ఐజాక్‌కి తెలియలేదు.

"అవును. డబ్బా మారిపోయింది."

గ్లోరీ వరండా కేసి చూసింది, అమ్మ ఒళ్ళో ఖాళీ అయిన సీసా కేసి చూసింది, మళ్ళీ మొగుడి కేసి చూసింది. నర్సుకు రోగం పట్టుకోవడం ఎంతసేపు! పెదవి కొరుక్కుంటూ లోపలికి పరిగెత్తింది. వంటింట్లోంచి చాలాసేపు ఆవిడ నవ్వు, గిన్నెలు పడుతున్న చప్పుడూ వినిపించాయి.

శనివారం సాహు రానే వచ్చాడు. బండి స్టార్ట్ చేయించి విన్నాడు. చుట్టూ తిరిగాడు. ముఖం వెలిగిపోయింది.

"గాడీ తో బఢియా హే భయ్యా! ఆజే లే జాహూ," అన్నాడు.

బండి భేషుగ్గా ఉందట, ఈ రోజే పట్టుకుపోతాడట. ఈ సంగతి ఐజాక్‌కి తట్టనే లేదు. బాగుచేసి బాగుచేసి, అమ్మకానికి నున్నగా తయారుచేసి పెట్టాడు! చటుక్కున తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. వరండాలో మరియమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

గ్లోరీ టీ కప్పు తెచ్చి సాహు చేతికిచ్చింది.

"చాయ్ పీజియే భయ్యా. గాడీ నహీ బేచేంగే." బండి అమ్మేది లేదని చెప్పేసి, అతను ఎందుకని అడిగేలోగా ఐజాక్ కేసి తిరిగి తెలుగులో, "దీనికి మా అమ్మ చేసినంత సేవ ఏ బండికి ఎవరు చేశారు? ఎలా అమ్ముతామండీ?" అంది. నవ్వాపుకోలేక పవిట అడ్డం పెట్టుకుంది.

సాహుకు ఏమీ అర్థం కాలేదు. టీ మాత్రం రెండు కప్పులు తాగి, అభన్‌పూర్ వైపొస్తే తన ఇంటికి రమ్మని చెప్పి వెళ్ళాడు. లోపలికెళ్ళాక గ్లోరీ అలమరా పైనుంచి జాడీ దించి, స్క్రూలన్నీ వాకిట్లో పాత సామాను డబ్బాలో గుమ్మరించి, జాడీ కడిగి ఎండలో పెట్టింది. ఐజాక్ ఆ జాడీ కేసి పావుగంట సేపు చూశాడు. ఈల వేసుకుంటూ రెండుసార్లు దాని పక్కగా నడిచాడు కూడా.

ఆదివారం పొద్దున చలి కొరుకుతోంది. మరియమ్మ తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఐజాక్ అలవాటు ప్రకారం బానెట్ ఎత్తి ఆయిల్ చూశాడు. తెరిచి వదల్లేదు, దించాడు. ఆ దించిన చప్పుడుకి ఆవిడ తలొంచుకుంది.

"దసరా అయ్యాక ఒక ఆదివారం బ్యాటరీ పడిపోయి బండి కదల్లేదు కదా బాబూ," అంది మెల్లిగా. "ఆ వేళ చర్చిలో ప్రభువు బల్ల, ఆ రొట్టే ద్రాక్షరసం, తీసుకోవడం పోయింది నాకు. అప్పట్నించీ కొంచెం కొంచెం పోశాను. తరవాత దానికేదో జబ్బు చేసిందన్నావు. అమ్మేస్తామన్నారు. మరి నేనింకేం చెయ్యగలను? నా దగ్గరున్నది అదొక్కటే."

ఐజాక్ గుడ్డతో చేతులు తుడుచుకుని ఆవిడ కేసి తిరిగాడు.

"నా మూలంగా వీధంతా నిన్ను చూసి నవ్వారు," అంది ఆవిడ. "ఇంక దీన్ని ముట్టుకోను. కరిగించలేదు కూడా చూడు." సంచీ పక్కన ఉన్న సీసా చూపించింది. గ్లోరీ రాత్రి కొత్తగా నింపిన నూనె అడుగు నుంచి మూతి దాకా తెల్లగా గడ్డకట్టి ఉంది.

ఐజాక్ ఇంజన్ స్టార్ట్ చేసి వచ్చాడు. బండి చప్పుడు లేకుండా నడుస్తోంది. ఇస్త్రీ చొక్కా, టై, నున్నగా తుడుచుకున్న బట్టతల. ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బండికి వద్దత్తయ్యా. దానికి పడలేదు. నడిపేవాడికి రాయండి."

మరియమ్మ ముందు నమ్మలేదు. చెయ్యి చాచి, ఎప్పటిలా తప్పించుకుంటాడేమోనని ఆగింది. తల అక్కడే ఉంది. ఆవిడ సీసా మూత తీసి, వేలితో గడ్డ పెకలించి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలెట్టింది.

లోపలి నుంచి గ్లోరీ ఆలస్యమైపోతోందని కేకేసింది. ఐజాక్ కదల్లేదు. ఆ నూనె ఆవిడ చేతుల్లో కరిగేదాకా తల వంచుకునే ఉన్నాడు.